వాసన లేని డీజిల్

అరచేతిలో వైకుంఠం చూపించడం ఆ కంపెనీ డైరెక్టరుకి వెన్నతో పెట్టిన విద్య. ఇటు నీళ్ళు పోస్తాం, గాలి పంపుతాం, అటు డీజిల్ పట్టుకుంటాం అని ఏ సభలోనైనా గంటసేపు దంచగలడు. షెడ్డులో ఏ గొట్టంలో ఏం పారుతుందని అడిగితే మాత్రం, "అవన్నీ టెక్నికల్ విషయాలండీ" అని చెయ్యి ఊపేస్తాడు.

ఆ టెక్నికల్ విషయాలన్నీ ఒక్క ఫిట్టరు నెత్తిమీదే ఉండేవి. మెషీను బిగించిన ఇంజనీర్లు ఇద్దరూ నాలుగు నెలలకే వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. కరెంటుతో నీళ్ళను విడగొట్టి హైడ్రోజన్ తీయాలి. పక్కనున్న సారా ఫ్యాక్టరీ తొట్లలో పొంగే బొగ్గుపులుసు వాయువును పైపు వేసి తెచ్చుకోవాలి. రెండింటినీ బాగా కాగిన గొట్టంలో కలిపితే అటు చివర నూనె బొట్టు పడాలి. పడితే కదా! హైడ్రోజనంత దొంగ ఇంకొకటి లేదు, చీమ దూరని సందులోంచి జారుకుంటుంది. ఫిట్టరు ప్రతి జాయింటుకీ సబ్బు నురగ పూసి, బుడగ లేచినచోటల్లా పానా వేసి బిగించేవాడు. ఏడు నెలలు ఇదే పని.

ఈలోగా వీధిలో అతనికి 'నీళ్ళ డీజిల్' అని పేరు పడింది.

"ఏం నీళ్ళ డీజిలూ, మా మంచినీళ్ళ పంపు దగ్గర బండి ఆపుకుని ట్యాంకు నింపేసుకోమంటావా?" అని ఎదురింటావిడ రోజూ అడిగేది.

అతను పెళ్ళాంతో మొరపెట్టుకుంటే, "నాకే నవ్వొస్తోంది, వాళ్ళు నవ్వరా?" అంది ఆ ఇల్లాలు.

ఎనిమిదో నెలలో బొట్టు పడింది. పదకొండో నెలకి ఒక క్యానులో ఐదు లీటర్లయింది. చల్లటి గదిలో ఉంచితే పైన మైనంలా కట్టేది. దాన్ని గుడ్డలో వడగట్టి తీసేవాడు. అప్పుడే పెట్టుబడి పెట్టిన పై సంస్థ నుంచి పెద్దలు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళ ముందు జీపు నడిపి చూపాలి. ఆ జీపులో తన డీజిలే ఉండాలి. ఫిట్టరుకి ఇంకే కోరికా లేదు.

ఆ పొద్దున డైరెక్టరు క్యాను మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఇది నీళ్ళలా ఉందేంటి? వాసనే లేదు!"

"మురికి లేదు కద్సార్, అందుకే వాసన లేదు."

"వాసన లేకపోతే ఎవడు నమ్ముతాడయ్యా? తీసి అవతల పెట్టు." అని డ్రైవరు వైపు తిరిగాడు. "బంకుకెళ్ళి పట్టుకురా. జీపులో పొయ్యి. బల్లమీద గాజు సీసాలో కూడా పొయ్యి. గుప్పుమనాలి!"

డ్రైవరు ఫిట్టరుకి సొంత బావమరిది. భయస్తుడు, హారన్ కొట్టడానిక్కూడా ఆలోచిస్తాడు. వాడు బంకు నుంచి తిరిగి రాగానే ఫిట్టరు షెడ్డు వెనక పట్టుకున్నాడు.

"ఒరేయ్, జీపులో నాది పొయ్యరా."

"బావా, మధ్యలో ఆగిందంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఆగితే నేను తోస్తా. నువ్వు స్టీరింగ్ మీద పడుకుని నిద్రపో."

"అక్క మొహం చూసి చేస్తున్నా, నీ మొహం చూసి కాదు."

"ఎవరి మొహమైతే ఏంట్రా, ముందు ట్యాంకు ఖాళీ చెయ్యి!"

పెద్దలొచ్చారు. డైరెక్టరు దంచాడు. వచ్చే నెల నుంచి రోజుకో ట్యాంకరు అన్నాడు. జీపు దగ్గకుండా, ఆగకుండా షెడ్డు చుట్టూ మూడు రౌండ్లు తిరిగింది. ఫిట్టరు పొగగొట్టం వెనకే నడిచాడు, దూడ వెనక ఆవులా. వెనక నల్లపొగ అన్నదే లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

వచ్చినవాళ్ళలో నెరిసిన జుట్టుతో ఒక ఇంజనీరమ్మ ఉంది. ఆవిడ చప్పట్లు కొట్టలేదు. బల్ల దగ్గరికెళ్ళి గాజు సీసాలో వేలు ముంచి వాసన చూసింది.

"ఇది బంకు డీజిల్. నీళ్ళూ గాలీ కలిపి చేసినదానికి ఈ కంపు ఎక్కణ్ణించొస్తుంది?"

డైరెక్టరు మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. అయినా నోరు ఊరుకోదుగా!

"ఈ ఫిట్టరే మార్చేసుంటాడు మేడమ్! మొదట్నుంచీ వీడిమీద నాకు అనుమానమే!"

పదకొండు నెలల కష్టం అక్కడ సబ్బు బుడగలా పటుక్కున పగిలింది. ఫిట్టరు అందరి ముందూ దొంగయ్యాడు.

"సీసాలోది నేను తెచ్చానండీ." మాట్లాడింది బావమరిది. జీపు దిగి ముందుకొచ్చాడు. "డైరెక్టర్ గారు తెమ్మన్నారు. జీపులో పోసింది మాత్రం మా బావ చేసిందే. చూసుకోండి."

ఆవిడ ట్యాంకులోకి సన్నటి గొట్టం వదిలి కాస్త పైకి లాగించింది. గాజు గ్లాసులో పోసి వాసన చూసింది, ఏ కంపూ లేదు. ఎండకి పట్టింది. అవతల చెట్టు ఆకులు కూడా కనిపించాయి.

"ఇంత తియ్యడానికి ఎన్నాళ్ళు పట్టింది?" అని ఫిట్టరునే అడిగింది.

"ఐదు లీటర్లకి పదకొండు నెలలమ్మా. కరెంటు రాక్షసిలా తింటుంది. రోజుకో ట్యాంకరన్నది ఉత్తమాట. ఇప్పుడు లీకులు ఆగాయి కాబట్టి రోజుకి లీటరైతే తియ్యగలను."

"లీటరు సంగతి చూద్దాం. ఈసారి ఈ బల్లా సీసా లేకుండా పిలవండి, నేనొక్కదాన్నే వస్తా. ఈయనతోనే మాట్లాడతా." అని గ్లాసులోది చిన్న డబ్బాలో పోయించుకుని కారెక్కింది.

కార్లన్నీ వెళ్ళాక డైరెక్టరు తేలు కుట్టిన దొంగలా బల్లమీది సీసాకి మూత పెట్టాడు. తర్వాత ఫిట్టరు పక్కకొచ్చి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించాడు.

"ఏమయ్యా... అంటే ఇది నిజంగానే నీళ్ళలోంచి వచ్చిందా?"

ఫిట్టరు ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. జీపులో కూర్చున్న బావమరిది నవ్వాపుకోలేక స్టీరింగ్ మీద తల పెట్టేశాడు.

"అదేంటి సార్," అన్నాడు ఫిట్టరు, "ఏడాదిగా చెప్తున్నది మీరే కదా!"