స్టీరింగు పలకని ఆదివారం

రాయదుర్గంలో జీన్స్ కుట్టే షెడ్ల వెనక సందులో తిప్పేష్‌ది ఒంటి గది. పదహారేళ్లు లారీ తోలిన మనిషి. మూడేళ్ల కిందట శెనక్కాయల లోడుతో బళ్ళారి పోతుంటే స్టీరింగు ముందే మూర్ఛ వచ్చింది. లారీ రోడ్డు కింది మోరీ గోడను గుద్దింది. క్లీనరు యేసన్న అక్కడికక్కడే పోయాడు. తిప్పేష్‌కు నుదుటి మీద కుట్లు పడ్డాయి, అంతే. డాక్టరు మాత్రలు రాసిచ్చి, ఈ జన్మలో బండి ముట్టుకోవద్దన్నాడు. పెళ్లాం పిల్లలు లేరు. ఇప్పుడు షెడ్డులో ప్యాంట్ల మూటలు కడతాడు. లారీ స్టాండు ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోతాడు.

కిందటేడు, అంటే రెండు వేల నాలుగులో, వీరేష్ అనే అతను తన ఇంటర్‌నెట్ సెంటరు మూసేస్తూ సామానంతా అమ్మేశాడు. తిప్పేష్ ఒక పాత కంప్యూటరు, దాంతో పాటు ఆటల స్టీరింగు, కాళ్ల కింద పెట్టుకునే పెడళ్లు తెచ్చుకున్నాడు. అది రేసు ఆట. తిప్పేష్ మాత్రం రేసు ఆడడు. పది టన్నుల లోడున్నట్టు మెల్లగా బయలుదేరతాడు, మలుపు ముందు వేగం తగ్గిస్తాడు. మిగతా కార్లన్నీ నిమిషంలో కనుమరుగైపోతాయి. తర్వాత ఆ రోడ్డు మీద మనిషన్నవాడు ఉండడు. కొండలు, చెట్లు, ఎవరూ లేని వంతెనలు. పని నుంచి రాగానే గంటసేపు అట్లా పోయి వస్తేనే అతనికి అన్నం సయించేది.

ఆ ఆదివారం పొద్దున కూర్చుని తిప్పితే స్టీరింగు పలకలేదు. దాని నెత్తిన వెలగాల్సిన పచ్చ దీపమూ లేదు.

'కరెంటు వస్తాందా లేదా, ముందు అది చూడల్ల' అనుకున్నాడు. లారీ నేర్పిన బుద్ధి అది. స్టీరింగు తీగ పీకి, కంప్యూటరుకు అదే చోట మౌసు తగిలించాడు. మౌసు పనిచేసింది. అంటే కంప్యూటరు తప్పు కాదు. స్టీరింగు తిరగేసి మరలు విప్పాడు. లోపల చిన్న పచ్చ పలక, దానికి నాలుగు సన్నని తీగలు: ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. ఏది ఎక్కడుందో అగ్గిపెట్టె అట్ట మీద గీసుకున్నాడు. బ్యాటరీ లైటు విప్పి, దాని బల్బూ రెండు సెల్లులూ తీసి, ఒక్కో తీగకు ఆ కొసా ఈ కొసా ఆనించి చూశాడు. మూడింటికి బల్బు వెలిగింది. ఎర్ర తీగకు వెలగలేదు. తీగ స్టీరింగులోకి దూరే మెడ దగ్గర వంచితే ఒక్క క్షణం మిణుక్కుమని ఆరిపోయింది. రోజూ వంగి వంగి లోపల రాగి తెగింది, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరలేదు.

రేడియోలు బాగుచేసే లక్ష్మన్న దగ్గర సోల్డరింగ్ కడ్డీ, అతికే సీసం అడిగి తెచ్చాడు. తెగిన చోటికి ఇవతల నాలుగు తీగలూ కత్తిరించి, కొసలు గీకి, పలకకు అతికించబోయాడు. చెయ్యి వణికింది. మాత్రలు మొదలైనప్పటి నుంచి వేళ్లు అంతే. పక్కపక్క తీగల మీది సీసం చుక్కలు రెండూ కలిసి ఒకటైపోయాయి. గీకాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ అంతే. అట్లాగే తగిలిస్తే మొత్తం కాలిపోతుందని అతనికి తెలుసు.

వణకని చెయ్యి కావాలి. కడ్డీ ఇచ్చి లక్ష్మన్న ఊరికి పోయాడు. ఇంకెవరిని పిలవాలి? చివరికి లేచి చెప్పులు వేసుకున్నాడు.

రెండు సందుల అవతల రూతు ఉంటుంది. యేసన్న భార్య. అతను పోయాక సొంతూరు కంబదూరు వదిలి వచ్చి జీన్స్ కుడుతోంది. షెడ్డులో ఎదురైతే ఇద్దరూ తలొంచుకునేవారు. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, తెల్లచీరలో గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"రూతమ్మా, ఒగ పని ఉండాది. నీ చెయ్యి కావల్ల" అన్నాడు వాకిట్లోనే నిలబడి.

ఆమె తలెత్తి చూసింది. "నేనీడికొచ్చి మూడేండ్లాయ తిప్పేషన్నా. ఒగ దినమన్నా నా వాకిలి తొక్కలేదు నువ్వు."

"తొక్కే మొగం లేక."

ఆమె చేట లోపల పెట్టి, తలుపు మూసి, అతని వెనకే నడిచింది.

అతను పలక కదలకుండా పట్టుకున్నాడు. ఆమె కడ్డీ అందుకుంది. సూదిలో దారం ఎక్కించినంత సుళువుగా ఎరుపు పెట్టింది, తర్వాత నలుపు, తెలుపు, ఆకుపచ్చ. నాలుగు చుక్కలు ముత్యాల్లా విడివిడిగా నిలిచాయి. అతను బల్బుతో మరోసారి చూసుకుని, మెడ దగ్గర తీగకు గుడ్డపేలిక చుట్టి, మరలు బిగించి తగిలించాడు.

పచ్చ దీపం వెలిగింది.

"తోలు, చూస్తా" అంది రూతు.

తోలాడు. కార్లన్నీ ముందుకు దూసుకుపోయాయి. ఖాళీ రోడ్డు మిగిలింది. ఆమె తెర వైపే చూస్తూ అడిగింది: "ఆ పొద్దు లారీలో ఆయప్ప నిద్దరపోతాండెనా, మేలుకొని ఉండెనా?"

తిప్పేష్ కాలు పెడల్ మీంచి లేచిపోయింది. కారు రోడ్డు మధ్యలో ఆగింది. మూడేళ్లుగా ఎవరూ ఈ మాట అడగలేదు. పోలీసులు వేగం ఎంతని అడిగారు, ఓనరు సరుకు ఎంత పోయిందని అడిగాడు.

ఏదో ఒకటి చెప్పి ఆమె మనసు చల్లబరచొచ్చు. కానీ అబద్ధానికి నోరు రాలేదు.

"గుద్దింది నాకు గ్యాపకం లేదు రూతమ్మా. దానికి ముందుది ఉండాది. శెనక్కాయలు ఒలిచి నా అరచేతిలో పోస్తాండె. 'తినన్నా, నిద్దర రాదు' అనె. ఆడికి గ్యాపకం తెగిపోయింది."

"అయితే మేలుకొనే ఉండె."

"ఉండె."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ముఖం తుడుచుకుంది. "నిద్దర్లోనే పాయె, ఏమీ తెలీలేదు అని అందరూ చెప్పిరి. నేను నమ్మల్యా. ఆయప్ప బండ్లో నిద్దరపోయే మనిషి కాదు."

"కాదు" అన్నాడు తిప్పేష్.

బయట ఎవరో నీళ్ల ట్యాంకరు వచ్చిందని కేకేశారు. ఆమె లేచింది. బిందె కోసం పరిగెత్తుతున్న ఆమె చెప్పుల చప్పుడు సందు చివరిదాకా వినిపించింది. ఆ తర్వాత కంప్యూటరు ఫ్యాను రొద ఒక్కటే మిగిలింది. తెర మీద కారు రోడ్డు మధ్యలో అట్లాగే నిలబడి ఉంది. తిప్పేష్ స్టీరింగు మీద చేతులు పెట్టలేదు. లారీలో మూర్ఛ వచ్చిన రోజు నుంచి రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఆపుకోలేదు.