రెండక్షరాల ఖాళీ

"నోరు మూయొద్దు. ఇసురుతానే పాడు" అన్నాడు మా ఆయన గోడ అవతలి నుంచి. పెళ్ళయిన ఆరేళ్ళలో నోరు మూసుకోమనడమే గానీ మూయొద్దని అనడం అదే మొదలు. నేను జొన్నలు విసురుతున్నాను. విసురురాయి ముందు కూర్చుంటే నాకు తెలియకుండానే నోట్లోకి వచ్చేది మా నాయన మల్లారి. కడపలో మా నాయన నాగస్వరం వాయించేవాడు. దేవుడు ఊరేగింపుకు బయలుదేరేటప్పుడు వాయించేది మల్లారి. దానికి మాటలుండవు, వట్టి స్వరాలే. ఆడపిల్ల నాగస్వరం ముట్టకూడదు గనక ముట్టలేదు. వినకూడదని ఎవరూ చెప్పలేదు గనక విన్నాను. మా అన్నలకంటే ముందే నాకు నోటికొచ్చిందని తెలిసిన రోజు మా నాయన నా తల నిమిరి, "మొగపిల్లోడివై పుట్టకపోతివే రామసుబ్బీ" అన్నాడు. అది మెచ్చుకోలనుకొని చాలా ఏళ్ళు దాచుకున్నాను.

మా ఆయన కర్నూలులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం మాస్టారు. వాళ్ళ నాయనది కూడా మా నాయన వృత్తే. కానీ వయోలిన్ పట్టి తిమ్మన్న మాస్టారు అయ్యాక ఆ మాట ఇంట్లో కూడా ఎత్తనివ్వడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాది నిండుతోందని అక్టోబరులో పెద్ద సభ పెట్టారు. స్కూలు వాద్యబృందం అందులో వాయించాలి. పిల్లలు నలుగురు: రెండు వయోలిన్లు, ఒక వీణ, ఒక మృదంగం. మూడేళ్ళుగా అవే రెండు కీర్తనలు వాయిస్తున్నారు, ఈసారి ఎవరూ విననిది కావాలని హెడ్‌మిస్ట్రెస్ పట్టుబట్టింది. అట్లా నా నోటికి పని పడింది. ఎదురుగా కూర్చుని నేర్చుకుంటే పెళ్ళాం దగ్గర పాఠం చెప్పించుకుంటున్నాడని మా అత్త నవ్వుతుందని, నడిమింట్లో గోడకు ఆనుకుని కూర్చుని స్వరం రాసుకున్నాడు. కార్యక్రమం కాగితంలో 'సేకరణ: తిమ్మన్న మాస్టారు' అని వేయించుకున్నాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వాళ్ళను చూశాను గానీ, చెట్టు పేరు చెప్పకుండా అమ్ముకున్నది ఈయనే. అయినా నాకు లోలోపల సంతోషంగానే ఉండింది. నా నోటి నుంచి వచ్చింది నలుగురు పిల్లల చేతుల్లోకి పోతుంది కదా అనుకున్నాను.

కర్నూలు రాజధాని అయ్యాక స్కూలు గదులు సగం సర్కారు ఆఫీసులకు ఇచ్చేయడంతో పాఠం మా ఇంటి పంచలోకి వచ్చింది. కొత్తది నేర్పడంలో ఆయన పద్ధతి ఆయనకుంది, అందులో వంక పెట్టలేను. మొదటి వారం వాద్యాలు ముట్టుకోనివ్వడు. చేత్తో తాళం వేసుకుంటూ నోటితో స్వరం పాడాలి. ఆ తర్వాత ఒక్కొక్కరే వాయించాలి. వయోలిన్లు రెండూ కలిశాకే వీణ, మూడూ కుదిరాకే మృదంగం. పిల్లలు వచ్చేలోపల పంచ ఊడ్చి చాపలు పరచడం, మజ్జిగ చిలికి ఇవ్వడం, అత్తకు కాఫీ, మధ్యలో పొయ్యి మీద సంగటి, ఇవన్నీ నావి. ఆయన రాత ఆయనకే అర్థం కాదు, అందుకని ఆ స్వరం నాలుగు ప్రతులు రాయడం కూడా నాదే. నేను అయిదో తరగతి చదివాను.

మొదటి ప్రతి రాస్తూ మూడో వరుస చివర ఆగిపోయాను. అక్కడ రెండు సున్నాలు చుట్టి 'రెండక్షరాలు ఖాళీ' అని రాసి ఉంది. మా నాయన అక్కడ ఎన్నడూ ఆగలేదు. తాళంలో ఒక్కో లెక్కను అక్షరమంటారు. ఇది ఎనిమిది అక్షరాల తాళం, ఒక వరుస మీద ఒకటి ఎక్కుతూ పోతుంది. ఇంకో రెండు వరుసల తర్వాత మళ్ళీ రెండు సున్నాలు. ఒక్కసారిగా నా ఎడమ చేతికి తెలిసింది అదేమిటో. అది చాటలోకి పోయి పిడికెడు జొన్నలు తీసి రాయి నోట్లో పోసేంతసేపు. గింజ పోయడానికి నేను ఆగితే రాయీ ఆగింది, పాటా ఆగింది. గోడ అవతలి మనిషికి అది రాగంలో ఉన్న గాంభీర్యంలాగా వినబడింది.

నవ్వొచ్చింది మొదట. రాత్రికి చెబుదామనుకొని, అన్నం పెట్టేటప్పుడు చెబుదామనుకొని, ఆయన మంచిగా ఉన్నప్పుడు చెబుదామనుకొని, చూస్తూ చూస్తూ నాలుగు ప్రతులూ ఆ సున్నాలతోనే రాసేశాను. మూడో వారం మృదంగం కలిసింది, అప్పుడు పోయింది నా నవ్వు. మృదంగం హులిగెమ్మది. ఆదోని పక్క పల్లె పిల్ల, హాస్టల్లో ఉంటుంది. వాళ్ళ తాత భజనలో వాయిస్తుంటే చూసి నేర్చుకుంది. ఈ బృందంలో ఉంది కాబట్టే వాళ్ళ మామ చదువు మాన్పించకుండా ఊరుకున్నాడు. ఆ పిల్ల చెయ్యి ఎనిమిది తర్వాత తొమ్మిదిని ఒప్పుకోదు. వయోలిన్లు ఖాళీలో ఆగితే ఈమె దెబ్బ టంగుమని పడేది. "లయ తెల్వనిదానికి మృదంగం యాలమ్మే" అని ఆయన రోజూ అరిచేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అంటారు గానీ, ఇక్కడ పాపం మద్దెల ఒక్కటే బాగుండింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన అన్నం తింటుండగా చెప్పేశాను. "ఆడ పాట ఆగదు. నేను జొన్నలు పోస్తాంటి, అందుకు ఆగినా."

చేతిలోని సంగటి ముద్దను మళ్ళీ కంచంలో పెట్టాడు. "ఈ మాట ఇంకెవరితోనన్నా అన్యావా?"

"లేదు."

"అనొద్దు. దేవుని పల్లకి నిలబడే చోటని హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పేసినా. ఆయమ్మ శానా మెచ్చుకుండాది."

"మరి ఆ పిల్లో? ఆ పిల్లది తప్పు కాదు కదా."

"ఆ పిల్లది కాకపోతే నాదా తప్పు?" అన్నాడు. మా అత్త లోపలి నుంచి, "తిననీ మేయ్ వాన్ని, అన్నం కాడ నీ రాగాలేంది" అంది. నేను మజ్జిగ పోశాను.

సభకు నాలుగు రోజులుంది. ఒకటో కాలమే ఇంత సతాయించడంతో, రెట్టింపు వేగంతో వాయించే రెండో కాలం పిల్లలకు ఇంకా రానే లేదు. ఆ సాయంత్రం కూడా హులిగెమ్మ దెబ్బ ఖాళీలోనే పడింది. ఆయన వయోలిన్ పక్కన పెట్టి, "మృదంగం దించు. జ్ఞానమణి వయోలిన్ మాని తాళాలేస్తాది. రేపట్నుంచి నువ్వు రావద్దు" అన్నాడు.

"నేనేసే ఎనిమిదీ సరిగ్గానే ఉండాయి సార్" అంది హులిగెమ్మ, తల ఎత్తకుండానే. "ఆడ పాటే నిలబడతాండాది."

"పాటకే వంక పెట్టేదానివైతివా?"

పిల్ల మృదంగం ఒడిలో నుంచి దించింది. మృదంగానికి గుడ్డ చుట్టడం మొదలుపెట్టింది. ముడి సరిగ్గా పడక మళ్ళీ విప్పి మళ్ళీ కట్టింది. నేను మజ్జిగ గ్లాసులతో గడపలో నిలబడి ఉన్నాను. నాకు భయమేసింది. కొడతాడని కాదు, ఆయన ఎప్పుడూ చెయ్యెత్తలేదు. పిల్లల ముందు ఆయన ముఖం చిన్నబోతుందని భయం. ఆ ముఖాన్ని కాపాడుకుంటూ రావడం కూడా ఇంటిపనుల్లో ఒకటని నాకు ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్పారో తెలియదు. ఇల్లు ఊడ్చినట్టే అదీ రోజూ చేస్తున్నాను. కానీ ఈరోజు ఆ పని నా చేత్తో కాక, ఆ పిల్ల బతుకుతో చేయిస్తున్నాను. వాళ్ళ మామ బండి కట్టుకొని వచ్చి తీసుకుపోతాడు. అప్పుడు కూడా నేను గ్లాసులు కడుగుతూనే ఉంటాను.

గ్లాసులు కింద పెట్టి చాప మీద కూర్చున్నాను. ఆ చాప రోజూ పరిచింది నేనే గానీ దాని మీద కూర్చోవడం అదే మొదలు. తొడ మీద తాళం వేసుకుంటూ మా నాయన మల్లారి మొదటి నుంచి పాడాను. మూడో వరుస చివర నా చేతికి పోయడానికి జొన్నల్లేవు. పాట ఆగకుండా నాలుగో వరుస ఎక్కింది. ఎప్పుడు గుడ్డ విప్పిందో, హులిగెమ్మ దెబ్బ సరిగ్గా నా తాళం మీద వచ్చి పడింది.

"ఆడ పల్లకి నిలబడేది లేదు పాపా" అన్నాను. "ఆడ నేను రాయిలో జొన్నలు పోస్తాంటి."

జ్ఞానమణి తన ప్రతిలోని సున్నాల వైపు, నా వైపు చూసింది. "అయితే ఇది మీ పాటా అమ్మా?"

"మా నాయనది. మర్చిపోకుండా పెట్టుకుండేది నేను."

ఆయన ముఖం నేను భయపడినట్టే అయింది. చూశాను. చూసి తట్టుకోగలిగాను, అదే నాకు ఆశ్చర్యం.

"లోపలికి పో" అన్నాడు మెల్లగా.

"రెండో కాలం ఇంకా చెప్పల్యా. చెప్పి వస్తా" అన్నాను, తాళం ఆపకుండానే.