గట్లు మింగిన కంపెనీ

రెండొందల మామ మాట నమ్మి మొండోడు నిలువునా మునిగాడు. రెండొందల ఎకరాలున్నవాణ్ణి ఊరంతా అలాగే పిలిచేది. మామ అనేవాడు పిల్లనిస్తాడు. వీడు పొలం తీసుకున్నాడు.

"చిన్న కమతాలతో ఏం బావుకుంటార్రా అల్లుళ్లూ? ట్రాక్టరు తిరగడానికే చోటు చాలదు. అందరం కలిసి కంపెనీ పెడదాం. భూమి కంపెనీది, కంపెనీ మనది" అన్నాడు. నలభై ఒక్క ఇళ్లవాళ్లు వేలిముద్రలేశారు. ఏ తగువైనా చేతులెత్తి తేల్చుకునే జనం. నలభై రెండు చేతుల్లో మామది ఒకటేగా అనుకున్నారు. గట్లు వాళ్లే తవ్వేశారు. మొండోడు తన హద్దురాళ్లు ఆరూ తనే పెకలించి షెడ్డు పక్కన పారేశాడు.

మూడో ఏడు, వానలకు ముందు, షెడ్డులో మీటింగు. పొలమంతా కాగితం మిల్లు చెట్లు వేస్తామన్నాడు మామ పెట్టిన మేనేజరు. పన్నెండేళ్ల దాకా గింజ పండదు, కూలీ ఉండదు.

"వద్దన్నవాళ్లు చేతులెత్తండి."

నలభై ఒక్క చేతులు లేచాయి. మామ గోళ్లు చూసుకుంటున్నాడు.

"సరే, చెట్లే ఖాయం" అన్నాడు మేనేజరు.

"ఎట్టా ఖాయంరా? కళ్లు పోయాయా?" మొండోడు లేచాడు.

"ఇది కంపెనీ. ఎకరానికో ఓటు. ఆయనవి రెండొందలు. మీవన్నీ కలిపినా డెబ్బయ్యారు."

"మరి చేతులెందుకు ఎత్తమన్నావురా, చంకలు చూడ్డానికా?" అంది మొండోడి మేనత్త. జనం నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"మా భూమి మాకిచ్చెయ్ మామా" అన్నాడు మొండోడు.

"ఏ భూమి అల్లుడూ? గట్టేది? రాయేది? పీకింది నువ్వేగా."

మేనత్త చెప్పులు విడిచి దుక్కిలోకి నడిచింది. వెనకే జనం. ఒకచోట ఆగి మడమతో తొక్కింది. "ముప్పయ్యేళ్లు తట్టలతో చెరువుమట్టి మోసి పోశాను. మెత్తన ఇక్కడిదాకా. ఇది నాది."

"అవునత్తా. ఇటు రాతినేల, నాది. ఏటా ఇక్కడే కర్రు విరిగేది" అన్నాడు పక్క పొలం కుంటాయన. జానెడు గట్టు కోసం ఎనిమిదేళ్లు తలలు పగలగొట్టుకున్నారు ఆ ఇద్దరూ.

"ఆగండి" అన్నాడు మొండోడు. "ఎవడి గట్టు వాడేసుకుంటే రేపు ఒక్కొక్కణ్ణీ పీకుతాడు. ఒక్కటే గట్టు వేద్దాం. వాడికీ మనకీ మధ్య."

పారలు వచ్చాయి. షెడ్డు పక్కన పడున్న రాళ్లన్నీ చేతులు మారుతూ పొలంలోకి కదిలాయి. పొద్దు నడినెత్తికొచ్చేసరికి గట్టు మోకాలెత్తు లేచింది. అప్పుడొచ్చింది పోలీసు వ్యాను. మొండోణ్ణీ ఇంకో పదిమందినీ లాఠీలతో కుళ్లబొడిచి ఎక్కించారు. మొండోడు వెనక్కి చూశాడు. మేనత్త తట్ట దించలేదు. గట్టు ఇంకా లేస్తూనే ఉంది.

స్టేషన్లో ఎస్సై కాగితం ముందుకు లాక్కున్నాడు. "కంపెనీ భూమి ఎంత ఆక్రమించావ్‌రా?"

మొండోడు నోట్లోని నెత్తురు ఉమ్మాడు.

"మేమంతా కలిసి వెనక్కి తీసుకున్నది డెబ్బయ్యారెకరాలు. అందులో నేను పోగొట్టుకున్నది ఎకరం ముప్పై నాలుగు సెంట్లు. రెండూ రాసుకో."