ఎడమపక్క జాగ

కురుమూర్తి పాడేటప్పుడు ఎడమపక్కన ఒక మనిషి పట్టేంత జాగ వదులుతడు. అక్కడ మైకు ఉండదు, కుర్చీ ఉండదు. తెలియక ఎవడన్న పోయి నిలబడితే పాట ఆపేసి, "జరుగు, అది మనిషున్న జాగ" అంటడు.

ఆ మనిషి చచ్చిపోయి రెండేండ్లు.

పేరు మల్లికార్జున్. గద్వాల నేతగాడు, కురుమూర్తికి వంత. మన పాట ఒక్క గొంతుతోని నడవదు. ఒకడు పదం ఎత్తాలె, ఇంకొకడు అందుకోవాలె. అందుకునేటోడు లేకుంటే అది పాట గాదు, ఒర్లుడు. మల్లికార్జున్ ఎప్పుడూ ఒక దెబ్బ ఆలస్యంగ అందుకునేటోడు. మగ్గం మీద నాడె అవతలి అంచుకు పోయేదాక ఆగి ఆగి పాడిన అలవాటు. ఆఖరి అక్షరం మింగేటోడు గూడ.

"జొన్నచేనుకాడ మంచెక్కి సూస్తి, మల్లికార్జునా, నీ నీడన్న రాదేమి?" అని కురుమూర్తి ఎత్తేటోడు.

"వస్తనే ఉ..." అని వీడు అందుకునేటోడు.

ఉప్పునుంతల కురుమూర్తి అంటే కరువు పాటలకు, రైతు మీటింగులకు పెట్టింది పేరు. ఆ జొన్నచేను పాటను జనం శ్రీశైలం మల్లన్న మీద భక్తి పాట అనుకొని చేతులు జోడించేటోళ్లు. ఊకుంటే హాయిగ బతికేటోడు. ఊకోలే. గద్వాల జమ్ములమ్మ జాతరల మైకు పట్టి చెప్పిండు: "ఈ పాటల నేను పిలిచేది దేవుణ్ణి గాదు. ఇగో, ఈ మల్లికార్జున్‌ను. వీడు నా మనిషి. అడిగేదుంటే ఇప్పుడే అడుగున్రి, పాట నడుమ వద్దు."

రెండు చెప్పులొచ్చినయి. ఒక ముసలామె లేచి, "అయితె పెండ్లెప్పుడైందిరో పాటగాడా?" అనడిగింది.

"మొన్ననే పెద్దమ్మా. నీకు బువ్వ పెట్టుడు మరిచిన."

జాతరంత నవ్వింది. ఆ తర్వాత కొన్ని ఊర్లు పిలుచుడు బంద్ జేసినయి. కొన్ని ఊర్లు తమాషా జూద్దామని పిలిచినయి. ఇద్దరూ పోయి పాడి వచ్చిన్రు.

మల్లికార్జున్‌కు కామెర్లొచ్చినయి. దవాఖానకు పోయేసరికే కండ్లు పసుపు ముద్దలు. శవం ఇంట్ల ఉండంగ కురుమూర్తి ఉరికిండు. తల్లి రామేశ్వరమ్మ వాకిట్లనే ఆపింది. "నువ్వు వానికి ఏమైతవని వచ్చినవ్?"

అన్న, తమ్ముడు, బావ, దోస్తు. అన్నీ నోటిదాక వచ్చినయి. ఒక్కటి సరైంది లేదు. వాపస్ పోయిండు.

తర్వాత మొదటిసారి పాడింది ఖిల్లా ఘణపూర్‌ల, కోట కింద. వేరే వంతను పెట్టుకోలే. అలవాటు కొద్ది ఎడమపక్క జాగ ఇడిచిండు, పదం ఎత్తి ఆగిండు. ఒక దెబ్బ పోయింది.

"వస్తనే ఉ..."

డప్పు కొట్టేటోని చేయి గాల్లనే ఆగింది. కోట గుట్ట మాట తిప్పి చెప్తది, నిజమే. నువ్వన్న మాటనే చెప్తది. నువ్వు అనని మాట చెప్పదు.

అప్పటిసంది జనం ఇరగబడ్డరు. చెప్పులిసిరినోళ్లే పిల్లగాండ్లను సంకనేసుకొని వచ్చిన్రు. బతికున్నప్పుడు పనికిరాని మొగోడు చచ్చినంక పనికొచ్చిండు. జనం గట్లనే ఉంటరు. కురుమూర్తికి జనంతోని పనిలే. ఆయనకు ఒక్కటే రంది: మల్లికార్జున్ గొంతు ఏ టేపులనూ లేదు. రేపు తను మూలకు పడితే ఆ గొంతును పిలిచేటోడెవడు? పట్టి ఉంచాలె.

అందుకే హైదరాబాద్ క్యాసెట్ల కంపెనీకి పోయిండు. కంపెనీ ఆయన రాకేష్ పాటంత విని తల గోక్కున్నడు. "పాట మంచిగుందన్నా. పేరు మార్చు."

"ఎందుకు?"

"దేవుని పేరని అమ్ముకుందుమంటే అది గూడ లేకుంట జేస్తివి, మైకుల చెప్పి. ఆడపిల్ల పేరు పెట్టు. సరోజ అను. పేరే గదనే, నీ వంత ఎట్లన్న వస్తది."

కురుమూర్తి కొట్లాడి ఓడలే. ఆశపడి ఓడిండు. గొంతు టేపులకెక్కుతే చాలనుకున్నడు. అద్దాల అర్రల నిలబడి, "ఓ సరోజా, నీ నీడన్న రాదేమి?" అని ఎత్తిండు.

"వస్తనే ఉన్న."

దెబ్బ తప్పలే. అక్షరం మింగలే. ఆడగొంతు.

రాకేష్ చప్పట్లు కొట్టిండు. "ఎవరీ అమ్మాయి? ఎప్పుడు పాడించిన్రు?"

మిషిన్ కాడి పిల్లగాడు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టిండు, మళ్ల ముట్టుకోలే. "నేనేం పాడించలే సార్."

కురుమూర్తి టేపు చెరపమన్నడు, కాళ్లు మొక్కిండు. కంపెనీ వింటదా? క్యాసెట్ బజార్ల పడ్డది. అచ్చంపేట బస్సుల్ల, నాగర్‌కర్నూల్ చాయ్ హోటళ్లల్ల, లగ్గాల టెంట్లల్ల అదే పాట. తానెటు పోతే అటు ఆ ఆడగొంతు అప్పటికే వచ్చి ఉండేది.

వేదిక మీద ఇంకా అన్యాలం. మల్లికార్జునా అని పిలిచినా ఆమెనే పలికేది. ఎడమ చెవికి చల్లగ తగిలేది, అప్పుడే తలకు పోసుకున్న మనిషి పక్కన నిలబడ్డట్టు. మెట్టెలు చప్పుడయ్యేటియి. జనం ఈలలేసేటోళ్లు. కురుమూర్తి పాడుడు ఆపిండు.

ఆఖరికి గద్వాలకు పోయి రామేశ్వరమ్మ వాకిట్ల నిలబడ్డడు. ఈసారి ఆమె ఏమైతవని అడగలే. అంత విని, మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొనే మాట్లాడింది.

"ఆ సరోజ ఎవరు?"

"తెల్వదమ్మా. కంపెనీ ఆయన నోటికొచ్చిన పేరు."

"ఆయనకు నోటికొచ్చింది, నువ్వు పిలిచినవ్. ఆ పేరుతోని చచ్చిన ఎవతెకో అది పిలుపైంది. ఎవ్వరూ పిలవక ఎన్నేండ్లైందో పాపం, ఎంబడే వచ్చింది."

"పొమ్మంటే పోతలేదు."

"ఎట్ల పోతదిరా? పిలిచి తెచ్చుకున్న ఆడబిడ్డను ఉత్త ఒడితోని సాగనంపుతరా? చీర పెట్టాలె, ఒడిబియ్యం పొయ్యాలె."

"కొనుక్కొస్త."

"దుకాన్ల చీర తీస్కుంటదా? వాని జాగల నిలబడ్డది. వాని చేతిదే కావాలంటది."

ఇద్దరూ దూలానికి కట్టిన మూట దిక్కు చూసిన్రు. మల్లికార్జున్ సగం నేసి పోయిన చీర. నూలు ఒళ్లు, మామిడిపండు రంగు పట్టు అంచు. మిగతా సగం తల్లి నేసి మూట గట్టింది. కొంగు దిక్కు ఆమె చేయి, మొదలు దిక్కు కొడుకు చేయి. తడిమితే తేడా తెలుస్తది.

"వద్దమ్మా," అన్నడు కురుమూర్తి. "వాని చేతిది అదొక్కటే మిగిలింది."

రామేశ్వరమ్మ మూట దించి ఒళ్లె పెట్టుకున్నది. "రెండేండ్లసంది దీన్ని చూస్తున్న. ఒక్కనాడు అమ్మా అనలే. నీకాడ వాడు మాట్లాడుతుండంట గద. ఊరంత విన్నది, నేనే వినలే." లేచింది. "జాతరకు నేనొస్త. పా."

జమ్ములమ్మ జాతర. పట్టపగలు ఎండ దంచుతుంది. "సరోజా, సరోజా" అని జనం ఒర్లుతున్నరు. కురుమూర్తి మైకు పట్టిండు. "సరోజ నాకేం కాదు. నా మనిషి పేరు మల్లికార్జున్. ఆమెను ఉత్తగ పిలిచి తప్పు జేసిన. ఇయ్యాల సాగనంపుతున్న."

నవ్వులొచ్చినయి. ఒకడు, "అరే, ఉన్న ఒక్క ఆడిదాన్ని గూడ పంపుతుండురా!" అన్నడు.

రామేశ్వరమ్మ వేదికెక్కి ఎడమపక్క జాగలకు పోయింది. కుంకుమ తీసి, తన మొఖం ఎత్తున, గాల్ల పెట్టింది.

కుంకుమ కింద పడలే.

నవ్వేటోళ్ల నోర్లు మూతపడ్డయి. ఎర్రటి బొట్టు ఒక్కటి ఎండల నిలబడ్డది. రామేశ్వరమ్మ పని ఆపలే. పసుపు బియ్యం, కుడుకలు, పోకలు మూటల చీర కొంగుల పోసి ముడేసి చాపింది. "పో బిడ్డా. తప్పుబట్టకు." ఎవరో బరువు అందుకున్నట్టు రామేశ్వరమ్మ చేతులు తేలికై లేచినయి. చీర లేదు. వేదిక మెట్ల మీద పసుపు బియ్యం గింజలు ఒక్కొక్కటే రాలుకుంట, జనం నడుమకెల్లి గుడి దిక్కు పోయినయి. జనం రెండు పాయలై తొవ్వ ఇచ్చిన్రు.

చల్లదనం పోయింది. ఎడమ చెవికి వట్టి ఎండ తగిలింది.

కురుమూర్తి పదం ఎత్తిండు. "మల్లికార్జునా, నీ నీడన్న రాదేమి?"

ఏం లేదు. గాలి గూడ లేదు. చీర పాయె, ఆమె పాయె, వాడు గూడ పాయె. పాట పడిపోకుంట తర్వాతి పదానికి నోరు తెరిచిండు.

రామేశ్వరమ్మ ఆయన జబ్బ పట్టుకున్నది. "ఆగు బిడ్డా. వాడు ఎప్పుడూ ఎనకనే."

ఆగిండు. డప్పు ఆగింది.

"వస్తనే ఉ..."

రామేశ్వరమ్మ కండ్లు మూసుకున్నది. తర్వాత ఖాళీ జాగ దిక్కు తిరిగి కసిరింది. "అక్షరం మింగకురా. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"