నలభై లెక్కల బాణీ

గల్ఫ్ దేశంలో బుదైయా అనే ఊళ్లోని ఒక క్లబ్బు హాల్లో నర్సింగ్ నేల తుడిచేవాడు, కుర్చీలు సర్దేవాడు. మంగళవారం సాయంత్రాలు అక్కడ స్కాట్లాండు జానపద నృత్యం నేర్పేవారు. నేర్పేది ఐలీన్ మేడమ్. డెబ్బై దాటిన మనిషి. పాట పెట్టే పని నర్సింగ్‌కు అప్పజెప్పింది.

ఆ నృత్యంలో ఎనిమిది చుట్లు ఉంటాయి. అన్నిటికీ ఒకే బాణీ అయితే ఆడేవాళ్ల కాళ్లు మొద్దుబారతాయి. అందుకని మేడమ్ మూడు నాలుగు బాణీలు ఏరి ల్యాప్‌టాప్‌లో అతికించేది. అన్నిటి వేగం ఒకటే ఉండాలి. చుట్టుకు తాళం ముప్పై రెండు లెక్కలకు మించకూడదు. మొదటి బాణీ ఆఖర్న తిరిగి రావాలి. నర్సింగ్ ఇదంతా చీపురు పట్టుకునే నేర్చుకున్నాడు.

రెండేళ్లుగా ఆమెకు వినికిడి తగ్గుతోంది. ఎవరికీ చెప్పలేదు. నర్సింగ్‌కు మాత్రం తెలుసు. పాట మొదలవగానే అతను తాళానికి తగ్గట్టు గడ్డం ఆడించేవాడు. ఆమె అది చూసి అడుగు వేసేది.

నవంబరు చివర ఏటా జరిగే పెద్ద నృత్యోత్సవానికి ఆమె కొత్త బాణీలు కూర్చింది. ముందు రోజు నర్సింగ్ విన్నాడు. మూడోది నలభై లెక్కలుంది. మళ్లీ లెక్కపెట్టాడు. నలభయ్యే.

"మేడమ్, మూడోది పొడుగుంది" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

"బాగుంది కదా!" అని ఆమె నవ్వింది.

ఆమెకు వినబడలేదు. గట్టిగా చెప్పబోయాడు గాని క్లబ్బు కమిటీవాళ్లు లోపలికి వచ్చారు. వాళ్ల ముందు అరిస్తే ఆమె గుట్టు బయటపడుతుంది. రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు హాలు నిండా జనం, ఆమె దగ్గరికి వెళ్లే సందే దొరకలేదు. ఆమె ఇచ్చిన పాటే పెట్టాడు.

మూడో బాణీ ముప్పై రెండు లెక్కలు దాటి సాగుతుంటే సగం మంది ఆగారు, సగం మంది తర్వాతి చుట్టు మొదలుపెట్టేశారు. ఇద్దరు ఢీకొన్నారు. ఎనభై ఏళ్ల పెద్దాయన వెనక్కి పడ్డాడు. తల వేదిక మెట్టుకు తగిలింది. మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు.

పాట పెట్టిందెవరని కమిటీ అడిగింది. ఐలీన్ మేడమ్ తల దించుకుని, "నేనిచ్చింది అది కాదు" అంది. తప్పు నర్సింగ్ మీద పడింది. అతన్ని పనిలో పెట్టుకున్న కంపెనీ సఖీర్ ఎడారి వైపు ఇటుకలు మోసే పనికి పంపేసింది.

"ఆమె ఇచ్చిందే కదా పెట్టినవ్, ఎందుకు చెప్పలె?" అన్నాడు కంపెనీ బస్సు నడిపే ఇక్బాల్. నిజామాబాద్ మనిషి.

"ఏం చెప్పాలె భాయ్? నలభై అని నాకు ఎర్కే. ముందుగాల చెప్తే ఆయన బతికెటోడు."

డిసెంబరులో ఐలీన్ మేడమ్ సైటుకు వచ్చింది. కమిటీకి నిజం చెప్పేశాననీ, నేర్పడం మానేశాననీ చెప్పి నర్సింగ్ చేతులు పట్టుకుంది. "క్షమించు" అంది.

"మూడోది నలభై అని నాకు ముందే తెలుసు మేడమ్."

ఆమె అతని పెదవులకేసి చూసింది. "ఏంటి?"

మళ్లీ చెప్పాడు. మూడోసారి అరిచాడు. ఇటుకలు మోసేవాళ్లంతా తిరిగి చూశారు.

ఈసారి విన్న ఆమె అతని చేతులు వదిలేసింది.  ఇసుకలో నడిచి వెళ్లి కారెక్కింది. నర్సింగ్ ఇటుకల తట్ట నెత్తికెత్తుకున్నాడు.