రోహిణీ కార్తెలో వెల్వెట్ షేర్వాణీ

నేను ఒక వెల్వెట్ షేర్వాణీని. నాలుగేళ్ల మగపిల్లవాడికి సరిపోయే కొలత. ముదురు ద్రాక్షపండు రంగు. మెడ చుట్టూ, గుండెల మీద, ముంజేతుల దగ్గర బంగారు జరీ పని. నన్ను చూసినవాళ్లు మొట్టమొదట అనే మాట "ఎంత ముద్దుగా ఉందో". ఆ మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెబుతాను.

నరసరావుపేటలో పద్మలత అనే ఆవిడ పెళ్లిబట్టలు అద్దెకిచ్చే దుకాణం నడుపుతుంది. ఆ దుకాణం కోసం నన్ను కుట్టారు. కాలర్ నిటారుగా నిలబడాలని లోపల గట్టి బక్రం గుడ్డ పెట్టారు. వెల్వెట్ కింద పాలిస్టర్ లైనింగ్ వేశారు. ఇక గాలన్నది అటు నుంచి ఇటు రాదు. జరీ పని పైకి ఎంత నున్నగా మెరుస్తుందో అడుగున అంత గరుకు. అన్నీ ముళ్లు, తెగిన కొసలు. ముందువైపు వరసగా ఉన్న గుండీలు ఉత్త అలంకారం. నన్ను విప్పాలంటే వీపున ఉన్న కొక్కేలు తీయాలి. అంటే నన్ను తొడుక్కున్న పిల్లవాడు తనంతట తాను నన్ను వదిలించుకోలేడు. ఇది ఎవరికీ తప్పుగా తోచలేదు. పిల్లల బట్టలు కుట్టేది పెద్దవాళ్ల కళ్ల కోసమని నాకు అప్పుడే అర్థమైంది.

అయినా నేను పుట్టుకతో చెడ్డదాన్ని కాను. మొదటిసారి నన్ను తీసుకెళ్లింది పుష్యమాసపు చలిలో, ఒక ఓణీల వేడుకకి. నన్ను అద్దెకు తీసుకున్న ఇంటి పిల్లవాడు చలికి వణుకుతూ నాలోకి దూరి, వెచ్చబడి, ఏసీ హాలులో కుర్చీల మధ్య ఆటలాడుకుని, ఆఖరికి నా చేతి అంచుకు ఐస్‌క్రీమ్ పూసి తిరిగిచ్చాడు. ఆ మరక పోవడానికి పద్మలత నానా తంటాలు పడింది. నాకు మాత్రం అది మురిపెంగానే ఉండేది. వేసుకున్నవాడు సుఖంగా ఉన్నాడు. బట్టకు అంతకంటే ఏం కావాలి?

తర్వాత ఎండాకాలం వచ్చింది. రోహిణీ కార్తె మొదలయ్యాక ఒకరోజు ప్రసూన దుకాణానికి వచ్చింది. ఆమె తమ్ముడి పెళ్లి. గుంటూరు నుంచి భర్త హరగోపాల్‌తో, కొడుకు కౌస్తుభ్‌తో పుట్టింటికి వచ్చింది. పెళ్లిలో ఇంటివాళ్లందరూ ద్రాక్షపండు రంగే కట్టుకోవాలని ముందే అనుకున్నారట. ఆమె షిఫాన్ చీర తీసుకుంది, ఊదితే ఎగిరిపోయేంత పలచనిది. హరగోపాల్‌కి నార లాల్చీ తీసుకున్నారు. ఎండలు మండిపోతున్నాయి, మందంగా ఉండే బట్ట తన వల్ల కాదని అతను ముందే చెప్పేశాడు. ఆ తర్వాత ఆ ఇద్దరూ కొడుకు కోసం నన్ను ఎంచుకున్నారు. ఆ ఎండ తమకే తగిలేట్టు, ఆ పసివాడి ఒంటికి వేరే సూర్యుడు ఉన్నట్టు. కౌస్తుభ్ నా కాలర్‌ని ఒక వేలితో తాకి, "గుచ్చుకుంటోంది" అన్నాడు. అలవాటైపోతుందని ప్రసూన వాడి వేలు పక్కకు తప్పించింది.

పెళ్లి ఊరి బయట ఫంక్షన్ హాలులో. పొద్దున్నే వాడికి నన్ను తొడిగారు. అప్పటికే గది ఉక్కగా ఉంది. హరగోపాల్ తల్లి సౌభాగ్యమ్మ తన సంచిలోంచి ఉతికి మడతపెట్టిన తెల్ల నూలు జుబ్బా ఒకటి తీసింది. పీటల దగ్గరకు వెళ్లేదాకా వాడికి అది వేద్దామని కోడలితో మెల్లగా అంది. బయట ముందు డ్రోన్‌తో ఫొటోలు తీస్తారని, వాడొక్కడూ తెల్లగా కనబడితే అంతా పాడవుతుందని ప్రసూన చెప్పింది. కోపంగా ఏం చెప్పలేదు. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పింది. అది వియ్యంకుల ఇంటి పెళ్లి, పదిమందిలో రచ్చ చేయడం ఎందుకని పెద్దావిడ జుబ్బాను మళ్లీ సంచిలో పెట్టేసింది.

వీపున కొక్కేలు పడ్డాయి. నడుము దగ్గర చుడీదార్ నాడాను, నా లోపలి అంచును కలిపి పిన్నులు కొట్టారు. ఫొటోలో ముడతలు రాకూడదట. వాడు మంచినీళ్లు అడిగాడు. నీళ్లు తాగితే ఒంటికి వస్తుందని, వస్తే ఇవన్నీ విప్పాలని, ఫొటోలు అయ్యాక తాగుదువులే అని ప్రసూన అంది. పక్కనే హరగోపాల్ సీసా ఎత్తి నీళ్లు తాగుతున్నాడు. నాలుగేళ్ల పిల్లవాడికి దాహం వేస్తే, వాడి నాలుక సంగతి కాకుండా నా ముడతల సంగతి ఆలోచించిన తల్లిదండ్రులు వాళ్లు. ఇది చెప్పేటప్పుడు నెమ్మదిగా చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. నా వల్ల కావడం లేదు.

పచ్చిక మీదికి తీసుకెళ్లారు. పందిరి నీడలో పెద్దలు నిలబడ్డారు. పిల్లవాణ్ణి మాత్రం ముందుకు, ఎండలోకి, పూల ఆర్చి కిందికి పంపారు. వాడి గుండె నా లైనింగ్‌కి తగిలి కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. మొదట వాడు పరుగెత్తాడు, నవ్వాడు. తర్వాత చెమట మొదలైంది. నేను లోపలంతా తడిసి వాడి వీపుకి అతుక్కుపోయాను. జరీ కొసలు మెడ మీద ఎర్రగా గీసుకుపోయాయి.

"అమ్మా, ఇది తీసెయ్" అన్నాడు.

"ఒక్క ఫొటో నాన్నా. ఒక్కటే."

ఆ ఒక్కటీ అవ్వలేదు. డ్రోన్ పైకి వెళ్లింది, దిగింది, మళ్లీ వెళ్లింది. వాడు ఏడ్చాడు. ఏడుపు మొహం ఫొటోలో బాగుండదని హరగోపాల్ ఫోనులో బొమ్మలు చూపించాడు. చుట్టాలు వచ్చి బుగ్గలు గిల్లారు. బుగ్గలు ఎంత ఎర్రగా ఉన్నాయో, యువరాజులా ఉన్నాడని మురిసిపోయారు. ఆ ఎరుపు ఏమిటో ఒక్కరికీ తట్టలేదు. నాకు రెండు చేతులైతే కుట్టారు గానీ, ఒక్క కొక్కెం తీయడానికి వేళ్లు కుట్టలేదు. బట్టగా పుట్టినందుకు నేను సిగ్గుపడింది అప్పుడే.

కాసేపటికి చెమట ఆగిపోయింది. తడిసిన లైనింగ్ ఆరడం మొదలైంది. చల్లబడ్డాడేమో అనుకునేవాళ్లు అనుకోవచ్చు. నాకు మాత్రం లోపల వాడి ఒళ్లు పొయ్యి మీద పెనంలా తగులుతోంది. వాడు ఏడుపు మానేశాడు. ఎటు నిలబెడితే అటు నిలబడ్డాడు. ఫొటోగ్రాఫర్ సంతోషించాడు.

"బాబు ఇప్పుడు చక్కగా మాట వింటున్నాడు మేడమ్."

ప్రసూన కూడా నవ్వింది. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే వాడు మోకాళ్ల మీద కూలి, పక్కకు ఒరిగి పడిపోయాడు.

అందరూ ఒక్కసారి మూగారు. ఉన్న కాస్త గాలి కూడా పోయింది. హరగోపాల్ కొక్కేలు లాగబోయాడు. పిన్నులు అడ్డం వచ్చాయి. జనాన్ని తోసుకుంటూ సౌభాగ్యమ్మ వచ్చింది. వస్తూ వస్తూ దండలు కట్టేచోట ఉన్న కత్తెర తీసుకుంది. కూర్చుని, వాడి గడ్డం కింద చెయ్యి అడ్డం పెట్టి, నా కాలర్ దగ్గర కత్తెర పెట్టింది.

అప్పుడు ప్రసూన నోటి నుంచి ఆ మాట వచ్చింది. కావాలని అన్నదని నేను అనను. కానీ అంది.

"అత్తయ్యా, కోయకండి. అది అద్దెది."

సౌభాగ్యమ్మ తలెత్తలేదు.

"అద్దెది చొక్కానే అమ్మా. పిల్లోడు మనోడు."

మెడ నుంచి నడుము దాకా నన్ను ఒక్క ఊపున కోసేసింది. బక్రం తెగింది, జరీ తెగింది, లైనింగ్ తెగింది. నా జన్మలో నేను సంతోషించిన క్షణం ఏదైనా ఉందంటే అదే. వాడి ఒంటికి గాలి తగిలింది. పూలు తడిపే బకెట్ ఎత్తి ఆవిడ నీళ్లన్నీ వాడి మీద కుమ్మరించింది. కారులో ఏసీ పెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. నేను ఆవిడ ఒళ్లో ముద్దలా పడి ఉన్నాను.

వాడు బతికాడు. ఐస్‌తో ఒళ్లంతా చల్లార్చి, సెలైన్ పెట్టారు. సాయంత్రానికి కళ్లు తెరిచి నాయనమ్మ చీర కొంగు పట్టుకున్నాడు. అక్కడున్న డాక్టరమ్మ హరగోపాల్‌ని చూసి, మీరు ఈ చొక్కా వేసుకుని ఎండలో నిలబడగలరా అని ఒక్కటే అడిగింది. అతను నా వైపు చూశాడు.

నా కోపం ఆ ఎండ గురించే అయితే ఆసుపత్రిలోనే చల్లారిపోయేది. తర్వాత జరిగింది చూడండి. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లతో ప్రసూన, ఆ గుడ్డ మంచిది కాదని, దుకాణంవాళ్లు నాసిరకం అంటగట్టారని చెప్పింది. హరగోపాల్ ఈ ఏటి ఎండల్నీ, డ్రోన్ తిప్పినవాణ్ణీ తిట్టాడు. ఇద్దరూ ఏడ్చారు, అది నిజమే, ఆ కన్నీళ్లను నేను కాదనను. కానీ 'మనం' అనే మాట వాళ్ల నోట రాలేదు. ఆ ఆసుపత్రి వరండాలో తప్పు తన మీద వేసుకున్న మనిషి ఒక్కరే.

"పొద్దున్నే నేను నోరు తెరిచి గట్టిగా చెప్పాల్సింది రా" అని సౌభాగ్యమ్మ కొడుకుతో అంది. జుబ్బా తెచ్చిన మనిషి ఆవిడ!

ఈలోగా ప్రసూన చెల్లెలు ఆ ఫొటోలన్నీ ఫేస్‌బుక్‌లో పెట్టింది. వాడు పడిపోవడానికి ముందు తీసిన ఫొటో కూడా వాటిలో ఉంది. కళ్లు గాజుకళ్లలా ఉన్నాయి, పెదవులు పగిలి ఉన్నాయి. దాని కింద చిట్టి యువరాజు అని, దిష్టి తీయించండని వరసగా మెచ్చుకోళ్లు. ఆ ఫొటో తీసేయమని చెప్పాలని ఎవరికీ తోచలేదు.

నన్ను దుకాణానికి తీసుకెళ్లింది సౌభాగ్యమ్మే. పద్మలత కోతను అటూ ఇటూ చూసి, పైన లేసు వేసి కుట్టేస్తే తెలియదని, శ్రావణంలో ఇలాంటివాటికి గిరాకీ ఎక్కువని అంది. పెద్దావిడ ఒప్పుకోలేదు. నష్టం కట్టేసి, ఇది ఇంకో పిల్లోడికి వద్దని నన్ను సంచిలో పెట్టుకుని గుంటూరు తీసుకొచ్చింది. అప్పటి నుంచి ఆవిడ బీరువాలో అడుగు అరలో ఉన్నాను.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. చైత్రంలో హరగోపాల్ స్నేహితుడి కొత్త ఇంటి గృహప్రవేశం. ప్రసూన కొడుక్కి కొత్త కోటు తెచ్చింది, లోపల చొక్కా, పైన వెయిస్ట్‌కోటు, మెడకి బో టై. వెల్వెట్ కాదని, ఇది తేలికేనని ముందే అత్తగారికి చెప్పింది. సౌభాగ్యమ్మ బీరువా తీసి, నన్ను తెచ్చి, మంచం మీద ఆ కొత్త కోటు పక్కన పరిచింది. కోత పైకి కనబడేలా పరిచింది.

గదిలోకి వచ్చిన కౌస్తుభ్ నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను వాడిని పట్టుకుంటానని భయపడ్డాడో ఏమో, గోడకు ఆనుకుంటూ దూరంగా నడిచి వాళ్లమ్మ దగ్గరికి చేరాడు. మారాం చేయలేదు, ఏడవలేదు. కొత్త కోటు తొడగడానికి వీలుగా రెండు చేతులూ పైకెత్తాడు. అలా ఎత్తి ఉంచే, చాలా మర్యాదగా అడిగాడు.

"అమ్మా, ఉక్కపోస్తే చెప్పొచ్చా? ఫొటోలు అవ్వకముందే చెప్పొచ్చా?"

వాడి చేతులు ఇంకా పైకే ఉన్నాయి. ప్రసూన కోటు కింద పెట్టి, వాడి చేతులు తన చేతులతో దించి, నేల మీద కూలబడింది. సౌభాగ్యమ్మ వెళ్లి ఒక నూలు చొక్కా తెచ్చి ఇచ్చింది. వాడు దాన్ని తనే తొడుక్కున్నాడు. గుండీలు తనే పెట్టుకున్నాడు, ఒకటి తప్పు కాజాలో పడింది. ఎవరూ సరిచేయలేదు. అలాగే గృహప్రవేశానికి వెళ్లారు.

ఆమె మారిందని సౌభాగ్యమ్మ అనుకుంటోంది. కావచ్చు. నేను మాత్రం ఇంకా క్షమించలేదు. ఎండకు పిల్లవాడు పడిపోయాడని కాదు. ఉక్కపోస్తోందని చెప్పడానికి కన్నతల్లి దగ్గర అనుమతి అడగాలని వాడు నేర్చుకున్నాడు. అది నేర్పింది నేను కాదు.