మా అత్త గుండిగ, నా కూతురి హెచ్చవేత

మా అత్త రమణమ్మకి కోపమొస్తే కేకలెయ్యదు. గరిటె కడిగి గోడకి తగిలించేస్తుంది. నిరుడు శ్రీరామనవమి నాడు అదే చేసింది.

రాయపూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్లం పందిరి వేసి కల్యాణం చేసుకుని అందరికీ భోజనాలు పెట్టుకుంటాం. వంట పెత్తనం అత్తది. మొదటి ఏడు ఎనభై మంది, రెండో ఏడు నూట ఇరవై మంది వచ్చారు. నలభై పెరిగారు కదా అని నిరుడు ఇంకో నలభై కలిపి నూట అరవై మందికి వండింది. వచ్చింది నూట ఎనభై. శ్రీకాకుళం నుంచి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఆఖరి బంతిలో ఒట్టి మజ్జిగన్నం తింటుంటే మా అత్త ముఖం చూడలేకపోయాను.

"వచ్చే ఏడు గూడా సాలకపోతే ఇంక గరిటి ముట్టను" అని పందిట్లోనే ఒట్టు పెట్టుకుంది.

అన్నంత పనీ చేస్తుంది మహాతల్లి. హిందీ రాదు, బజారుకి వెళ్లదు. కాలనీ అంతా ఆవిడ చుట్టూ తిరిగేది ఆ ఒక్కరోజే. అది కూడా పోతే ఎలాగా అని నాకు బెంగ పట్టుకుంది.

ఈ ఏడు నవమి ముందు, పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్న నా కూతురు నూకరత్నం కల్పించుకుంది.

"మామ్మా, నువ్వు కూడుతున్నావు, హెచ్చవెయ్యాలి. ఊరి జనాభా లెక్క మా పుస్తకంలో ఉంది. సూరిబాబు మావయ్య ఉద్యోగానికొచ్చి తమ్ముణ్ని తెచ్చాడు కదా? ఆ తమ్ముడు బావమరిదిని తెచ్చాడు. కొత్తగా వచ్చినవాళ్లు కూడా మళ్లీ ఇంకొందర్ని తెస్తారు. మనం ఏడాదికి సగం చొప్పున పెరుగుతున్నాం. నూట ఎనభైకి సగం తొంభై. మొత్తం రెండువందల డెబ్బై."

"ఒలమ్మో! ఇలాగైతే కొన్నేళ్లకి రాయపూరంతా మనోళ్లే గదే!" అని అత్త మురిసిపోయింది. ఆ ఊపులో పెద్ద గుండిగ అద్దెకి తెప్పించింది.

తీరా నవమి నాడు కల్యాణం అయ్యాక చూస్తే పందిరి సగం ఖాళీ. వచ్చినవాళ్లు చాలావరకు మగాళ్లే, తల దించుకుని నిలబడ్డారు.

"పిల్లల పరీక్షలైపోయాయి కదత్తా. రైలు పాసులు తీసుకుని ఇంట్లోవాళ్లు ఊరెళ్లారు" అన్నాడు సూరిబాబు.

ఇన్నేళ్లూ నవమి పరీక్షల మధ్యలో వచ్చేది, ఎవరూ కదిలేవారు కాదు. నిరుడు అధికమాసం పడి ఈసారి నవమి ఆలస్యమై పరీక్షలయ్యాక వచ్చింది. రోజూ పంచాంగం తిరగేసే మా ఆయన కొండలరావుకి తట్టలేదు, పాసులు రాయించిన ఆ మగాళ్లకి అత్తతో ముందే చెప్పడానికి నోరు పెగల్లేదు! నూకరత్నం ఏడుపు మొదలెట్టింది.

అప్పుడే మాకు కూరగాయలు వేసే ఇక్కడివాడు, పరదేశి అని, ఖాళీ బుట్టల కోసం పక్క బస్తీ గుఢియారీ నుంచి వచ్చాడు. "కా హోగే, దాయీ?" అని, ఏమైందమ్మా అన్నట్టు, అత్తని తన భాషలో అడిగాడు. ఏమైందో నేను హిందీలో చెప్పాను. పులిహోర గుండిగలోకి తొంగిచూసి, పెద్దగా నవ్వి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

కాసేపటికి డోలక్ చప్పుడు వినిపించింది. పరదేశి తన వీధిని తీసుకొచ్చాడు. ఆ వీధి పక్క వీధిని తెచ్చింది. వాళ్లు భజన పాడుతూ వచ్చి బంతికి కూర్చున్నారు. పరమాన్నం మళ్లీ మళ్లీ అడిగి తిన్నారు. నాకు ఆనందంతో కళ్లు చెమర్చాయి. అంతలో సూరిబాబు నా చెవిలో, "అక్కా, గుండిగ అడుగంటింది. ఇంకా రెండు బంతులున్నారు" అన్నాడు.

ఒట్టు గుర్తొచ్చి అత్త వైపు చూశాను. అత్త గుండిగలోకి చూసింది. తర్వాత, చంకలో పిల్లల్నేసుకుని నిలబడ్డ ఆ ఆడవాళ్లని చూసింది.

"ఏటలా సూత్తారు? ఎసరెట్టండి!"

"మరి ఒట్టు మామ్మా?" అంది నూకరత్నం.

"ఒట్టుదేముందే? ఆకలితో వున్నోళ్లని నిలబెట్టి ఒట్టంటావేటి? బియ్యం కడుగు! వచ్చే ఏడు ఎంతమందో కూడా సెప్పు."

నూకరత్నం బియ్యం చేట పట్టుకుని పందిరి బయటికి చూసింది. అక్కడ పరదేశి ఇంకెవరినో చెయ్యూపి పిలుస్తున్నాడు.

"తెలీదు మామ్మా, పెరిగే రేటే మారిపోయింది."

"మారనీ" అంది అత్త, గరిటె అందుకుంటూ. "ఆ గుండిగ తిరిగిచ్చీకండి. కొనేద్దారి."